సుబ్బారావు గారి మాత్రల లెక్క

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది తిరువూరులో ఒక కిడ్నీ పరిశోధనకు స్టడీ నర్సుగా చేరాను. జబ్బు ముదరకుండా కొత్త మందు ఆపుతుందా అని పరీక్ష. కొందరికి అసలు మాత్ర, కొందరికి ప్లాసిబో, అంటే చూడ్డానికి అలాగే ఉండి మందు లేని మాత్ర. ఎవరికేది పడిందో నాకూ తెలియదు. ఈ మాట చెప్పగానే "మా మీద ప్రయోగాలా?" అని చాలామంది లేచి వెళ్లిపోయేవారు. నాకూ చేరినవాళ్ల మీద నమ్మకం తక్కువే. మాత్ర వేసుకోకుండానే వేసుకున్నామనేవాళ్లు బోలెడుమంది. అలాంటి అబద్ధాలతో మందు పనిచేసిందో లేదో తేలదు.

పెనుగొలను రైతు సుబ్బారావు గారి మీద అనుమానం మాత్రం లెక్క సరిపోవడం వల్లే వచ్చింది. నెలనెలా సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టడాన్ని పిల్ కౌంట్ అంటాం. అందరికీ రెండో మూడో తేడా వచ్చేది, ఆయనకు ఎప్పుడూ రాదు. ఒకసారి జ్వరమొచ్చి మూడు రోజులు విజయవాడ ఆస్పత్రిలో ఉన్నారు. సీసా ఇంట్లోనే మర్చిపోయానని ఆయనే చెప్పారు. ఆ నెలా లెక్క సరిగ్గా ఉంది.

"మూడు మిగలాలి కదండీ?"

"వచ్చాక వేసేసుకున్నానమ్మా" అన్నారు గోడకేసి చూస్తూ.

మాత్రలు పారేసి నన్ను వెర్రిదాన్ని చేస్తున్నాడని ఒళ్లు మండింది. మర్నాడు చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. వసారాలో ఆయన భార్య రత్తమ్మ గారు అడకత్తెరతో మాత్రను రెండు ముక్కలు చేస్తున్నారు. ఒకటి ఆయన చేతిలో పెట్టి, రెండోది తను వేసుకున్నారు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మొత్తం మాత్ర ఆవిడే మింగారట.

అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో ఇద్దరూ కలిసే వచ్చారు. ఆవిడకూ కిడ్నీ జబ్బే, కానీ స్టడీ హద్దు దాటి ముదిరిపోయింది. "మీకు కుదరదమ్మా" అని నేనే పంపించేశాను.

"అందులో మందు ఉండకపోవచ్చని చెప్పాను కదండీ?" అన్నాను.

"తెలుసమ్మా. కుదరదన్నాక దానికి ఇంకెవరూ ఏమీ ఇవ్వలేదుగా. దాని ఎదురుగా నేనొక్కణ్ణే ఎట్టా మింగేది?"

జరిగింది స్టడీ డాక్టరు గారికి రాసిచ్చాను. సుబ్బారావు గారికి స్టడీ మాత్రలు ఆపేశారు. రత్తమ్మ గారిని వెంటబెట్టుకుని కిడ్నీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నెల తిరక్కుండానే ఆవిడకు డయాలిసిస్ మొదలైంది. ముందే తెచ్చుంటే కొంతకాలం ఆపగలిగేవాళ్లమేమో అన్నారు ఆ కిడ్నీ డాక్టరు.

ఇప్పుడు స్టడీలోకి తీసుకోలేనివాళ్లకు ఏ డాక్టరు దగ్గరకు ఏ రోజు వెళ్లాలో రాసిస్తాను. వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కుంటాను. అన్ని నెలలూ సుబ్బారావు గారి సీసా అనుమానంగా లెక్కపెట్టాను కానీ, ఇంట్లో ఆవిడ ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.