దేవుడికి చెప్పిన చిరునామా

మా చెల్లెలి అరచేతిని దాని మొగుడు జొన్నరొట్టెల పెనం మీద అదిమిపట్టాడు. రొట్టె మాడిందని. ఎంతసేపు పట్టాడే అని అడిగితే అది చెప్పలేకపోయింది. వాడు వదిలాక చెయ్యి లాక్కుంటే చర్మం పెనం మీదే ఉండిపోయిందట. మరునాడు పొద్దున భోకర్ బస్సు దిగి, చేతికి పసుపు గుడ్డ చుట్టుకుని, నాందేడ్‌లో నా గుమ్మం ముందు నిలబడింది. నేను బడికి పోవడానికి తయారవుతున్నాను.

"అక్కా, ఇగ నేను పోను" అంది. అంతే. ఏడవలేదు.

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. అంతకుముందు ముక్కు విరగ్గొట్టాడు. ట్రాక్టర్ ఫ్యాన్‌బెల్టుతో వీపు చీల్చాడు. తాగుబోతనుకునేరు, చుక్క ముట్టడు. మా చర్చి సంఘం మనిషే. అన్నం ముందు కళ్ళు మూసుకుని కృతజ్ఞతలు చెప్తాడు, ఆదివారం ఆరాధనలో డోలక్ వాయిస్తాడు. కొట్టేముందు కూడా మోకాళ్ళ మీద నిలబడి, 'ప్రభువా, ఈమెను సరిజేసే బలమియ్యి' అని ప్రార్థిస్తాడని చెల్లెలు ఎప్పుడో చెప్పింది. నేను నమ్మలేదు. "అట్ల ఎవడన్న జేస్తడానే, అబద్ధం జెప్పకు" అన్నాను దాని మొహం మీదే. ఆ మాటకు నాకు ఇప్పటికీ నా చెంప నేను పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నేను మరాఠీ బడిలో టీచర్ని. ఎమ్మే దాకా చదివాను. భర్త పోయాడు, పిల్లల్లేరు, నోరు మాత్రం మిగిలింది. బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ, దేవుడితో తెలుగు. ఆయనతో గొడవ పెట్టుకోవాలంటే నాకు అమ్మ భాషే కావాలి.

ప్రార్థన నేర్పింది కూడా అమ్మే. సరిహద్దు ఊళ్ళో మందికి కూలి చేసి బతికిన మనిషి, అక్షరం ముక్క రాదు. మా ఆడవాళ్ళ ప్రార్థనకు ఒక తీరు ఉంది. గొంతెత్తి చేయాలి. ఊరు చెప్పాలి, పేరు చెప్పాలి, నొప్పి ఒంట్లో ఎక్కడుందో చెప్పాలి. చిన్నప్పుడు నేను 'అందరినీ కాపాడు ప్రభువా' అని ముగించేస్తే అమ్మ నెత్తిన మొట్టికాయ వేసేది. "అందరంటే ఎవలే? తహసీల్ల అర్జీ ఇస్తే గావ్, తాలూకా రాస్తరా లేదా? దేవునికి మాత్రం గోల్‌మాల్ జెప్తవా?" అనేది. నోరు మూసుకుని చేసే ప్రార్థనకు అమ్మ పెట్టిన పేరు దొంగప్రార్థన.

చెల్లెలు వచ్చిన నాలుగో రోజుకే పాస్టరమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చుని, కట్టుకట్టిన చేతిని చూసి, కళ్ళు తుడుచుకుని, ఆఖరికి అసలు మాటకొచ్చింది.

"సంసారం అన్నంక ఓర్సుకోవాలె బిడ్డా. మోకాళ్ళ మీద గెలవాలె. రేపు నేనే తోల్కపోయి దిగబెడ్త."

"చెయ్యి కాల్చుకుని గెలవమంటున్నరా పాస్టరమ్మా? పొయ్యి అంటుపెట్టిన. పెనం కూడ ఉన్నది. ఎట్ల గెలుస్తరో మీరు ఒక్కపారి చూపియ్యుండ్రి, చూసి నేర్చుకుంటం."

ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. కానీ చెల్లెలు నా దగ్గరుందని అందరికీ తెలిసిపోయినట్టే. వాడు రాకముందే దాన్ని నది అవతల ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు పెట్టించాను. వంటగది పక్కనే గది, వెనక గేటు పక్కన. ఆ సంగతి నాకు తెలుసు, హాస్టల్ రెక్టర్‌బాయికి తెలుసు, దేవుడికి తెలుసు. అంతే అనుకున్నాను.

తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని ప్రభువే చెప్పాడు కదా అని మీరంటారు. వేసుకునేదాన్ని. నా ఇల్లంటే ఒక పెద్ద గదిని నడుమ గోడతో చీల్చి ఇద్దరికి అద్దెకిచ్చిన సగం. ఆ గోడ రేకుల దాకా పోదు, పైన మూరెడు ఖాళీ. ముందు వాటాలో ఇంటి ఓనరు, మరాఠీ ముసలావిడ, అందరికీ ఆజీ. గోడవతల సగంలో దీపావళికి దిగిన ఒక మేస్త్రీ, వాడి పెళ్ళాం. మొగుడూ పెళ్ళాలిద్దరూ బయట అందరితో మరాఠీయే. ఆ పిల్ల నన్ను కూడా అక్కా అనకుండా మరాఠీలో తాయీ అనే పిలిచేది. ఆ వాడకట్టులో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని నా నమ్మకం. మాకు తెలుగే తలుపు. బస్సులో, బ్యాంకులో, ఎవరి ముందైనా ఎవరి గురించైనా తెలుగులో మాట్లాడేసుకుంటాం. సరిహద్దు వదిలి వచ్చిన మాలాంటివాళ్ళందరికీ ఆ ధీమా ఉంటుంది.

రోజూ తెల్లవారగానే మోకరించేదాన్ని. మొదలే తగువు.

"ప్రభువా, నది అవతల హాస్టల్ల, ఎనక గేటు పక్క వంటగదిల నా చెల్లె ఉన్నది. కుడి అరచేయి ఇంక పచ్చిగనే ఉన్నది. ఆదివారం పోరిలందరు బయటికి పోతరు, మధ్యాన్నం దాక వాచ్‌మన్ ఉండడు. ఆ పూట నువ్వే కాపలా ఉండాలె, నాకు సాకులు చెప్పకు. వాని చేతులు ఇరగాలె. ఒకటి ఇరిస్తె సాలది. రెండు. పడ్డ చోటనే పురుగులు పట్టాలె."

ముందు వాటా నుంచి ఆజీ కేకవేసేది, "అగ బాయీ, దేవాశీ భాండతేస్ కా?" అని. దేవుడితో కొట్లాడుతున్నావా అని. అవును ఆజీ, ఎంత అరిచినా వినిపించుకోడు అనేదాన్ని. ఆవిడ నవ్వేది. గోడవతల మాత్రం ఎప్పుడూ నిశ్శబ్దం. పాపం, నిద్ర చెడగొడుతున్నానేమో అనుకునేదాన్ని.

నెల గడిచాక ఒక ఆదివారం ఆరాధన కాగానే ఆటో పట్టుకుని హాస్టల్‌కు పోయాను. చెల్లెలు ఎడమ చేత్తో జొన్నపిండి కలుపుతోంది. కాలిన చేయి కొత్త చర్మంతో గులాబీరంగులో నిగనిగలాడుతోంది. "ఇప్పటికైనా గరిటె పట్టొస్తదా?" అని నేను, "నీ నాలికంత సాఫ్‌గ తిరుగుతలేదు గని, పట్టొస్తది" అని అది. చాలా రోజులకు అది చేసిన ఎకసెక్కెం. పెనం పొయ్యి మీద కాగుతోంది.

వెనక గేటు కిర్రుమంది. వాడు లోపలికి వచ్చాడు. చేతిలో ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనప పిన్ను, మూరెడు పొడుగు.

"వందనాలు వదినె" అన్నాడు.

నేను వాడి వైపు, గేటు వైపు మార్చి మార్చి చూశాను.

"ఎవలు జెప్పిండ్రని సూస్తున్నవా? నువ్వే జెప్పినవ్. పొద్దుగాల్ల దేవునికి జెప్తవు గదా, ఆదివారం వాచ్‌మన్ ఉండడని. దేవుడు నాకు జెప్పిండు." నవ్వాడు. "నా చేతులిరగాలని గూడ అంటివంట?"

మొదటి దెబ్బ దాని భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. అది పిండిపళ్ళెం మీద పడింది. రెండోది మొహం మీద. ఎడమ కంటి మీద. పిండి ఎర్రగా ముద్దయిపోయింది. వాడు మూడోసారి చెయ్యి ఎత్తేలోగా నేను పట్టకారుతో పెనం అందుకున్నాను. చెవి మీద కొట్టాను. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. వాడు పిన్ను వదిలేసి చెవి పట్టుకున్నాడు. ఆ చేతి మీద కొట్టాను. మోకాళ్ళ మీద పడ్డాడు, నెత్తి మీద కొట్టాను. అక్కడితో ఆపొచ్చు. వాడప్పటికే పాకుతూ గేటు వైపు పోతున్నాడు. వెంటపడి వీపు మీద కొట్టాను, మళ్ళీ కొట్టాను, చేయి లేచినంతసేపు కొట్టాను. పరుగెత్తుకొచ్చిన రెక్టర్‌బాయి తర్వాత నాకు చెప్పింది, దెబ్బదెబ్బకూ నేను 'ప్రభువా, ప్రభువా' అని అరుస్తున్నానట. నాకు గుర్తులేదు. అది విన్న దగ్గర్నుంచి నేను వాడిని వేషధారి అని తిట్టలేకపోతున్నాను. వేరే తిట్లు చాలా ఉన్నాయి, అవి తిడతాను.

పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. చెల్లెలి కన్ను దక్కలేదు.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి బట్టలకోసం ఇంటికి వచ్చాను. గోడవతల పిల్ల నా గుమ్మంలో నిలబడి ఉంది. మొహం వాచిపోయింది ఏడ్చి.

"అక్కా" అంది.

తాయీ కాదు. అక్కా.

"మాది ధర్మాబాద్ దిక్కు, తెలంగాణ సరిహద్దు. నాకు తెలుగస్తదక్కా."

నేను చీరలు సంచిలో కుక్కడం ఆపాను.

"మరి ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే?"

"జెప్తె మీరు గట్టిగ జెయ్యడం బంద్ పెడ్తరని. మా అమ్మ కోపం జేసినట్టే ఉంటదక్కా మీ ప్రార్థన. పొద్దుగాల ఇనకుంటె నాకు దినం గడవది. మాది మీ దేవుడు కాదు, అయినా మీరు ఆమెన్ అంటె నేను గూడ లోపల అనుకునేదాన్ని. అమ్మకు ఫోన్ల జెప్పిన, గిట్ల ఒక అక్క ఉన్నది, చెల్లె కోసం దేవునితోని ఎట్ల కొట్లాడుతదో అని. అమ్మకు మంచిగనిపిచ్చి మండీల నలుగురికి జెప్పింది. మీ చెల్లె మొగని ట్రాక్టర్ సరుకు ఏసుకొని మా మండీకి అస్తదని మాకేం ఎర్క అక్కా?"

కొట్టాను. ముక్కుపుడక గీరుకుని రక్తం వచ్చింది. ఆమె కదల్లేదు, ఇంకో చెంప కూడా నా వైపే ఉంచింది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. రెండోసారి కూడా కొట్టాను. తర్వాత నా కొంగుతోనే ఆ రక్తం తుడిచాను. క్షమించి కాదు. నా గడప మీద పడుతోందని. అట్లా అని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఆ తర్వాత నాలుగైదు వారాలు మోకరిస్తే నోరు పెగల్లేదు. అమ్మ చెప్పిన దొంగప్రార్థనే చేశాను. పెదవులు బిగించి, పళ్ళు కొరుక్కుంటూ. లోపల మాటలు పుట్టేవి కావు, పెనం దెబ్బల చప్పుడు పుట్టేది. పాస్టరుగారు కబురు పంపారు, శత్రువు కోసం కూడా ప్రార్థించాలని. చేస్తున్నా, రోజూ వాడి కోసమే చేస్తున్నా, ఏం అడుగుతున్నానో మాత్రం ఆయన విచారించకపోతే మంచిదని తిరుగు కబురు పంపాను.

చెల్లెలు ఆసుపత్రి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. ఒంటికన్నుతో బియ్యం ఏరేది, మెట్లు తడుముకుంటూ దిగేది. గోడవతల పిల్ల దానికి నూనె రాసి తల దువ్వేది. వాళ్ళిద్దరికీ ఎట్లా కుదిరిందో నాకు అర్థం కాలేదు, నన్నెవరూ అడగలేదు. వాడు జమానత్ దొరికి జైలు నుంచి బయటికొచ్చాడని తెలిసిన వారానికి, నేను బడినుంచి వచ్చేసరికి చెల్లెలు లేదు. బట్టలు లేవు. గోడవతల పిల్లను నిలదీస్తే, "మందుల చీటీ గూడ పెట్టిచ్చిన. ఏడికో నాకు జెప్పలే, నేనే వద్దన్న" అంది.

పన్నెండో రోజు స్టాఫ్‌రూమ్‌లో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, మంచిగనే ఉన్న. పని దొరికింది."

"ఏ ఊర్ల ఉన్నవే?"

"నీకు జెప్ప."

"నేను సొంత అక్కనే. నాకు జెప్పవా?"

"నువ్వు దేవునికి జెప్తవు."

పక్కన టీచర్లు చూస్తున్నారని బయటికి, వరండాలోకి వచ్చాను. "ఇప్పుడు నోరు మూస్కొనే జేస్తున్ననే" అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది, బతిమాలుతున్న గొంతు.

"నీ మనసు గూడ గట్టిగనే ఒర్లుతదక్కా" అని నవ్వింది. ఎన్ని రోజులైంది అది నవ్వి.

"ఊరు తెల్వకుంట నీ కోసం ఎట్ల జెయ్యాలే?"

"వద్దు. నేను జేస్కుంటున్న. రోజు జేస్తున్న."

"నువ్వా? ఏమని జేస్తున్నవ్?"

"అది నీకెందుకక్కా?" అంది మెల్లగా. కోపం లేదు. ఫోన్ పెట్టేసింది.

ఆ నంబరుకు మళ్ళీ చేశాను. స్విచాఫ్.