వాగొడ్డు తెల్లమద్ది

ఒక్క మాట మోసుకుంట ముసలోన్నయిన. "చూసిన" అన్న మాట అది. నోట్లకెల్లి బయటికొచ్చిన నాటి నుంచి దాన్ని దించుకునే జాగా నాకు దొరకలేదు. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెప్తున్న.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు. మాది నల్లగొండ జిల్లాల గుట్టల నడుమ ఊరు. మా అమ్మకు నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్లకు వాపు. నల్లగొండల డాక్టరు గుండె బలం తగ్గిందని గోలీలు ఇచ్చిండు. ఊర్ల మందులిచ్చే సాయమ్మవ్వ తెల్లమద్ది చెక్క ఇచ్చింది. పాలల్ల మరిగించి పొద్దుగాల తాగాలె. గుండెను కాపాడే చెక్క అని మా దిక్కు నమ్మకం.

ఆ చెట్టు వాగొడ్డున ఒక్కటే ఉండె. సాయమ్మవ్వ దాని మీద అరచెయ్యంత చెక్కనే తీసేది. తీసిన కాడ పేడమన్ను మెత్తేది. ఆ గాయం మానేదాక మళ్ల ముట్టేది కాదు. అందుకే ఎవరికైనా కొంచెమే వచ్చేది. మేకల ఎల్లయ్య భార్యకు కూడ గుండెదడ ఉండె. ఆమెకూ అదే మందు.

నేను బడికి పోలేదు. సంతల దొరికిన పాత పుస్తకాలు ముందరేసుకొని అక్షరాలు కూడబలుక్కున్న. అదొక మిడిసిపాటు నాకు. ఒక వైద్యం పుస్తకంల ఆ చెక్క రోజూ తులమెత్తు తాగాలని చదివిన. అక్షరం ముక్క రాని ముసల్ది మా అమ్మకు మందు పిసినారితనంగ పెడుతున్నదని ఒళ్లు మండింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం గొడ్డలి, గోనెసంచి పట్టుకొని పోయిన. ఒక పక్క ఒలిచిన. చాలదనిపించింది. చుట్టూ తిరిగి, మొదలు తెల్లగ తేలేదాక ఒలిచిన. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదు. రైతు కొడుకును, నాకు తెల్వదా? తెలుసు. ఎవరూ లేని ఆ వాగొడ్డున, నా ముందర నేనే తెల్వనట్టు నటించిన.

ఎండాకాలానికి ఆకు రాలింది. మళ్ల చిగురు పెట్టలేదు. చుట్టూ ఒలిచిన మొదలు చూసి ఊరంత చావడి కాడ కూడింది. మేకలకు కొమ్మలు కొట్టేటోడు ఎల్లయ్యే గదా అని ఆయన మీద పడ్డరు.

"నా మేకలు గొడ్డలి పట్టుడు ఎప్పుడు నేర్చినయి పటేలా? నాకు జెప్పనే లేదు," అన్నడు ఎల్లయ్య. నలుగురు నవ్విండ్రు.

పటేలు నవ్వలేదు. నా దిక్కు తిరిగి, "నువ్వు దినాం గా వాగు మీదికెల్లే పోతవు గద. ఎవల్నన్న చూసినవా?" అన్నడు.

"ఎల్లయ్యను చూసిన. చేతుల గొడ్డలి ఉండె," అన్న.

ఆయన చేతుల గొడ్డలి ఏనాడు లేదు? ఎల్లయ్య నా దగ్గరికొచ్చి నిలబడ్డడు.

"తమ్మీ, అది నా ఇంటిదాని మందు. నేనెట్ల కొడ్త? నువ్వు సదివినోనివి, నువ్వేమంటే గదే నమ్ముతరు. నేను చెట్టును ఒలవంగ చూసినవా?"

"చూసిన."

నమ్మిండ్రు. ఎట్ల నమ్ముతరు? పుస్తకం పట్టుకున్నోడు అబద్ధమాడడని వాళ్లకు ఎవరు చెప్పిండ్రు? ఆ ఊరి మీద ఇప్పటికీ కోపమే నాకు. ఆ కోపం కూడ నన్ను నేను దాచుకునే ఉపాయమేనేమో.

ఎల్లయ్య మందను వాగుకు రానియ్యొద్దన్నరు. నీళ్లు లేక మేకలు ఎన్నాళ్లు బతుకుతయి? వారం తిరగకముందే భార్యను బండెక్కించుకొని, మందను తోలుకొని కృష్ణా నది దిక్కు పోయిండు. ఆమెకు మళ్ల ఆ చెక్క దొరికిందో లేదో నాకు తెల్వదు. మా అటుక మీద మాత్రం సంచి నిండ ఉండె. పిడికెడు పట్టుకపోయి ఆమె చేతుల పెడితే నేను దొరికిపోత. పెట్టలేదు. చెట్టు కన్న, "చూసిన" అన్న మాట కన్న, ఆ పిడికెడే నన్ను ఎక్కువ తింటది.

అమ్మ ఇంకా తొమ్మిదేండ్లు బతికింది. గోలీలతోనా, చెక్కతోనా, ఎవరు చెప్పగలరు? నిజం తెలిస్తే ఆమె ఆ కషాయం ముట్టదని చెప్పలేదనుకున్న. మరి ఆమె పోయినంక? అప్పుడు ఏ సాకు ఉండె? ఏదీ లేదు. పరువు, అంతే.

ఎల్లయ్య వాళ్లెవరన్న దీన్ని చదివితే నన్ను తిట్టాలె. క్షమించుమని అడుగుతలేను, అడిగే ముఖం కాదు నాది. ఎల్లయ్య చెట్టును ముట్టలేదు. ఒలిచింది నేను. ఆయన్ను నేను చూడలేదు. ఇది నా చేతితోని రాసిన. రాసినంక ఆ బరువు జర కిందికి దిగింది.