పొడి పంచెతో ఏడు ప్రదక్షిణలు

ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరుంది, తీసెయ్యాలన్నప్పుడు మా ఆయన ప్రాణం గురించి అడగలేదు. "తరవాత పంచె తడుస్తూ ఉంటుందాండి డాక్టరుగారూ?" అనడిగేరు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు మొక్కుకుని, అయిదు వారాలు పూర్తిచేసిన మనిషి. ఉచ్చ తడితో గుళ్లో అడుగు పెట్టనని ఆయన పట్టు.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసేరు. మూత్రాశయం మెడ వీలైనంత ఉంచుతారట. పక్కనున్న సన్నటి నరాల్ని గ్రంథి నించి ఒలిచి అలాగే ఉంచేస్తారట. కింద మూత్రాన్ని ఆపే కండకి దెబ్బ తగలనివ్వరట. గ్రంథి తీసేసేక మూత్రాశయాన్నీ కింది మూత్రనాళాన్నీ కలిపి కుడతారట. నేను చదివింది మూడో తరగతి. అరటితోట మాత్రం తెలుసు.

"పిలక తవ్వినట్టేనాండి? తల్లి దుంపకి గునపం తగలకూడదు" అన్నాను.

"ఆయ్, అంతేనండి మామ్మగారూ. అయినా కొన్నాళ్లు కారుతుంది. ఆ కండని బిగించి వదలడం రోజూ చేయించండి."

ఆపరేషనయ్యి, ఉచ్చకి పెట్టిన గొట్టం తీసేక కారింది. డైపర్లు దండగని పాత పంచెలు చింపి మడతలు పెట్టేను. రోజుకి ఎనిమిది ఉతికేదాన్ని. కొన్నాళ్లకి అవి మూడయ్యేయి. శనివారం గుడికెళ్లాలని ఆయన నీళ్లు మానేసేరు. చెంబు నిండుగా ఉండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఉతుకుడు తగ్గింది కదాని ఊరుకున్నాను. శుక్రవారానికి ఉచ్చలో మంట, చలిజ్వరం.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు నా వైపే చూసేరు. "కారుతోందని తోటకి నీళ్లు ఆపేస్తారాండి?"

తప్పు నాదే.

మొక్కు మధ్యలో ఆగింది కాబట్టి మళ్లీ మొదటి వారం నించీ అన్నారాయన. అప్పట్నించీ పూటపూటా గ్లాసుతో ఎదురుగా నించునేదాన్ని. "బిగించండి. పది అంకెలయ్యేదాకా వదలకండి."

"ఈ వయసులో నాకు డ్రిల్లు మాష్టారు దొరికింది" అని సణిగేవారు. సణుగుతూనే చేసేవారు.

మూడు నెలలకి వాడపల్లి వెళ్లేం. గుడ్డ పెట్టుకోనన్నారు. నేను ఒకటి సంచిలో దాచేను. నాలుగో ప్రదక్షిణలో ఆయనకి గట్టి తుమ్మొచ్చింది. ఆగిపోయేరు. వెనకాల నేనూ ఆగేను. పంచె తడిమి చూసుకున్నారు. పొడిగానే ఉన్నట్టుంది, మళ్లీ నడిచేరు.

ఏడూ అయ్యేక మెట్ల మీద కూచుని చెయ్యి చాపేరు.

"ఆ నీళ్ల సీసా ఇలా తే."

సీసా సగం తాగేదాకా చూస్తూ కూచున్నాను.