రామగిరిలో పగిలిన గోడ

1963 జూలైలో నన్ను అసిస్టెంట్ జియాలజిస్టుగా ధర్మవరం క్యాంపుకు వేశారు. ఆ డిసెంబరులో బెంగుళూరులో భూవిజ్ఞానుల వార్షిక మహాసభ. ఉపన్యాసాలు ముగిశాక, ఇష్టమున్న ప్రతినిధులను బస్సుల్లో మూడు రోజులు తిప్పి రాళ్లు చూపించడం ఆనవాయితీ. ఆ ఏడు ఆ యాత్ర మా వైపుకు వచ్చింది. మొదటి రోజు హిందూపురం, పరిగి. రెండో రోజు పెనుకొండ. మూడో రోజు రామగిరి పాత బంగారు గనులు.

ఆగే చోట్లు ఎంచడం, పటాలు గీయడం, గైడు పుస్తకం రాయడం, బంగళాల్లో గదులు, భోజనాలు, అన్నీ నా నెత్తిన పడ్డాయి. పుస్తకం అట్ట మీద మాత్రం మా సూపరింటెండెంటు గారి పేరొక్కటే అచ్చయింది. లోపల కృతజ్ఞతల్లో టైపిస్టు పేరు ఉంది. నాది లేదు.

ఇలాంటి యాత్రకు ముందు రాళ్లను సిద్ధం చేయాలి. ఎండకూ వానకూ నల్లబడ్డ రాయి మీద పొరలు, చారలు కనిపించవు. అందుకని వారం ముందే ఖలాసీలు, అంటే మా వెంట సామాను మోసి రాళ్లు కొట్టే పనివాళ్లు, కంపచెట్లు నరికి, రాతిని నీళ్లతో తోమి, అవసరమైతే పైపెచ్చు కొట్టి కొత్త ముఖం తేలుస్తారు.

రామగిరిలో మేం చూపించదలచింది పాతవాళ్లు బంగారం కోసం తవ్వి వదిలేసిన పొడవాటి కందకం. దాని ఒక గోడలో తెల్లటి పలుగురాతి చార స్పష్టంగా కనిపిస్తుంది. గోడ మనవైపుకు వాలి ఉంటుంది. అక్టోబరు వానల తర్వాత దాని పైభాగాన నెర్రె విచ్చింది. తలుపుల అనే ఊరి నుంచి వచ్చిన ఖలాసీ నల్లప్ప దాన్ని మొదట చూశాడు. గొర్రెల కాపరుల ఇంట పుట్టి గుట్టల్లో పెరిగినవాడు. నెర్రెకు అడ్డంగా తడి మన్ను మెత్తి, మర్నాడు నన్ను పిలుచుకుపోయి చూపించాడు.

"సూడు సామీ, నిన్న మెత్తిన మన్ను పగిలిపోయిండాది. గోడ నడుస్తాండాది."

ఆ రోజే నోటు రాశాను. ఈ చోటును వదిలేసి, చారను ఎదుటి దిబ్బ మీద నుంచి చూపిద్దామని సూచించాను. పెనుకొండ బంగళాలో, నలుగురు ఆఫీసర్లు కాఫీ తాగుతుండగా, సూపరింటెండెంటు గారు ఆ కాగితం పైకెత్తి పట్టుకున్నారు.

"ఏమయ్యా, రాళ్లకు భయపడేవాడివి ఈ శాఖలో ఎందుకు చేరావు? తాలూకాఫీసులో గుమాస్తాగా పోవలసింది."

నలుగురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈనాటికీ చెప్పగలను. సూపరింటెండెంటు గారు నోటు మీద 'చూశాను, మార్పు అక్కరలేదు' అని రాసి సంతకం పెట్టారు.

యాత్రకు ఐదు రోజుల ముందు ఖలాసీలు ఆ గోడ కింద పనిలోకి దిగారు. పెద్ద ఖలాసీ పుల్లన్న పైనుంచి ఎగతాళి చేశాడు.

"ఏమబ్బా నల్లప్పా, పెండ్లికూతురికి నలుగు పెట్టినట్టు తోముతాండావే!"

"బెంగుళూరు నుంచి పెండ్లోళ్లు వస్తాండారు కదప్పా. మొగం తెల్లగా లేకుంటే ఒప్పుకోరంట."

పదకొండు గంటలకు సూపరింటెండెంటు గారు తనిఖీకి వచ్చారు. చార మసకగా ఉందన్నారు. అడుగున పొడుచుకొచ్చిన బండను కొట్టేసి కొత్త ముఖం తేల్చమన్నారు. ఆ బండే పైగోడకు ఆసరా. నా నోటు ఫైల్లో ఉందని గుర్తు చేశాను. ఫైలు సంగతి ఫైలు చూసుకుంటుందని చెప్పి, జీపెక్కి పెనుకొండకు వెళ్లిపోయారు.

నల్లప్ప సమ్మెట పట్టుకుని నా వైపు చూశాడు. "ఏం జేయమంటావు సామీ?"

ఆ క్షణంలో నా మనసులో ఉన్నది గోడ కాదు, బంగళాలో నవ్విన ఆ నలుగురు. నా మాట నిజమైతే వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో చూడాలనుకున్నాను. "ఆయన చెప్పినారు కదా, కానివ్వు" అన్నాను.

పది దెబ్బలు కూడా పడి ఉండవు. గోడ ఒక్కసారిగా కూలింది. పుల్లన్న, నేను, మిగిలినవాళ్లు చేతులతో, గడ్డపారలతో తవ్వి నల్లప్పను బయటికి తీశాం. అప్పటికి ఊపిరి ఉంది. లారీలో ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో పోయాడు.

యాత్ర ఆగలేదు. ప్రతినిధులు వచ్చారు. కూలిన చోట రాయి కొత్తగా పగిలి ఉండడంతో చార చాలా బాగా కనిపిస్తోందని మెచ్చుకున్నారు. ఒక్కొక్కరూ సుత్తితో ఒక ముక్క కొట్టి సంచిలో వేసుకున్నారు. శాఖ విచారణలో, కూలివాడు చెప్పని పని చేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని తేల్చారు. నేను ఒప్పుకోలేదు. రిటైరయ్యేదాకా పై ఆఫీసుకు రాస్తూనే ఉన్నాను. 'విషయం ముగిసినది' అనే ఒక్క జవాబే వచ్చింది.

సూపరింటెండెంటు గారి మీద నా ఫిర్యాదులో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. ఆజ్ఞ ఆయనది. కానీ ఆయన జీపు వెళ్లిపోయాక ఆ కందకం దగ్గర పై అధికారిని నేనే. పనివాడు నన్నే అడిగాడు. అభ్యంతరం కాగితం మీద పెడితే రాసినవాడికి రక్షణ దొరుకుతుంది, గోడ కింద ఉన్నవాడికి దొరకదు. అతన్ని పక్కకు రమ్మని నోటితో చెప్పాలి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది. అన్నేళ్లు రాసిన ఆ ఫిర్యాదుల్లో నా పేరు సంతకం చోట మాత్రమే ఉంది.