కిటికీలు మూసిన తరగతి

మా బడి కాటన్‌పేటలో, సరుకు లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఉంది. ఆ ఏడు రోడ్డు తవ్వి వదిలేశారు. దుమ్ము రాకుండా మా రెండో తరగతి కిటికీలు పొద్దున్నే మూసేసేదాన్ని. అయినా సాయంత్రానికి బల్లల మీద పిల్లలు వేలితో బొమ్మలు గీసేంత దుమ్ము పేరుకునేది.

నా తరగతిలో ఒక పాపకు దగ్గు తగ్గేదే కాదు. వాళ్ళమ్మ కదిరి వైపు నుంచి వచ్చి, ఇళ్ళు కట్టేచోట సిమెంటు మోసేది. ఒకరోజు పిలిపించి అడిగాను.

"డాక్టరు దుమ్ము తగలనీయొద్దంటాడు మేడం. నేను చేసేదే దుమ్ము పని. ఇంటికి పోతే నా చీరనిండా అదే ఉంటాది. బిడ్డను ఇంగ యాడ దాయల్ల?" అంది.

ఆ నెలలోనే కాలేజీ పిల్లలు కొందరు వచ్చి గాలిలో దుమ్ము కొలిచే పెట్టెలు రెండు బిగించారు. ఒకటి గేటు మీద, ఒకటి మా నల్లబల్ల పక్కన. పిల్లలను దింపే ఆటోలు, వ్యాన్లు ఆగే వేళకు గేటు దగ్గర అంకె పైకి లేచేది. అది ఊహించిందే. కానీ గది ఊడ్చినప్పుడూ, పిల్లలు ఆటల నుంచి పరుగెత్తుకొచ్చినప్పుడూ లోపలి అంకె దాన్ని మించిపోయేది. మూసిన గదిలో దుమ్ముకు బయటికి పోయే దారి లేదని ఆ కాలేజీ పిల్లలే చెప్పారు. తెరిస్తే రోడ్డు, మూస్తే ఇది.

మర్నాటి నుంచి తడిగుడ్డతో తుడిపించాను. నీళ్ళ ట్యాంకరు రాని రోజున అదీ లేదు. గేటు దగ్గర నిలబడి ఇంజన్లు ఆపమని బతిమాలాను.

"నా ఆటో ఒగటి ఆపితే ఊరి గాలంతా బాగైపోతాదా మేడం?" అన్నాడొక డ్రైవరు. విసుక్కుంటూనే ఆపాడు. మర్నాడు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ మర్నాడూ.

చివరికి రోడ్డుకు దూరంగా, వెనకవైపున్న సామాన్ల గది మాకిమ్మని హెడ్మిస్ట్రెస్‌ను అడిగాను.

"అక్కడ వెలుతురే లేదు కదమ్మా. పగలంతా లైటెయ్యాల. విరిగిన బెంచీలన్నీ ఆడే ఉండాయి," అంది.

"దగ్గు కంటే చీకటే నయం మేడం."

ఆమె నిట్టూర్చి తాళంచెవి ఇచ్చింది. శనివారం ఆ పాప తల్లి కూడా పని మానుకుని వచ్చి నాతోపాటు బెంచీలు మోసింది.

కొత్త గదిలో గాలి గొప్పగా ఏం లేదు. నల్లబల్ల పక్కన పెట్టెను అక్కడికి మార్చి చూస్తే అంకె కాస్త తగ్గిందంతే. పాప దగ్గు కూడా కాస్తే తగ్గింది. అయినా ఒక మధ్యాహ్నం పాఠమంతా ఆగకుండా చదివింది. వినాలనిపించి మళ్ళీ చదివించుకున్నాను.

ఏడాది ముగిశాక వాళ్ళ పని దేవనహళ్ళి వైపు మారింది. టీసీ కోసం వచ్చిన తల్లిని అక్కడ బడి ఎలా ఉందని అడిగాను.

"రోడ్డు పక్కనే మేడం," అంది.

పాపను కిటికీకి దూరంగా కూర్చోబెట్టమని అక్కడి టీచరుతో చెప్పమన్నాను. తలూపి వెళ్ళిపోయింది.