అమ్మ గాజుల చప్పుడు

పొద్దున ఆర్మూర్ బస్టాండు దగ్గరి స్టూడియోకి వెళ్తుంటే పసుపు బస్తాల బండి ఎదురైంది. ఆ వాసనకు మా పాత వాకిలి కళ్లముందుకొచ్చింది.

దోస్తులూ, దుబాయ్ క్యాసెట్లు గుర్తున్నాయా? పసుపు ఆరబోసిన వాకిట్లో టేప్‌రికార్డర్ పెట్టుకుని, దుబాయ్‌లో ఉన్న నాన్నకు ఇంటిల్లిపాదీ మాటలు రికార్డు చేసి పంపేవాళ్లం. "పైలం బిడ్డా, యాళ్లకింత తిను" అని నానమ్మ ఏడ్చేది. అత్తమామల ముందు మొగుడితో మాట్లాడాలంటే అమ్మకు సిగ్గు. తన వంతు రాగానే టేప్‌రికార్డర్ దగ్గర చేతులు ఆడించి గాజులు గలగలమనిపించేది, అంతే. నాన్న అక్కడ ఆ గలగల దగ్గరే టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేవాడట.

అమ్మా నాన్నా పోయాక ఇల్లు సర్దుతుంటే, నాన్న దుబాయ్ నుంచి వెంట తెచ్చుకున్న క్యాసెట్ ఒక్కటి దొరికింది. ఫోన్‌లోకి ఎక్కించమని స్టూడియోలో ఇచ్చాను. పొద్దున వెళ్లింది అందుకే.

"మస్తు క్లియర్ వచ్చింది అన్నా. నడుమ నడుమ ఏందో గలగల వస్తుండె, మొత్తం సాఫ్ చేసిన" అన్నాడు స్టూడియో ఆయన.

"పాత టేపేది?"

"ఎక్కించంగనే తెగిపోయింది అన్నా. ఇగ గిదొక్కటే."

ఇంటికొచ్చి విన్నాను. నానమ్మ గొంతు ఎంత తేటగా ఉందో! "ఇగ నువ్వు మాట్లాడు పిల్లా" అంటోంది.

ఆ తర్వాత ఏమీ లేదు.