మలుపు దగ్గర ఇంజను చప్పుడు

లారీ పాతది. దాని సైలెన్సరు ఎప్పుడో చిల్లుపడింది. మార్పిస్తానని యజమాని మాటిచ్చాడు, ఇప్పుడు ఆ మాట కూడా పాతబడిపోయింది. బండి కదిలిందంటే ఆ చప్పుడు కడుపునిండా తిని పడుకున్న మనిషి గురకలాగే ఉండేది. బండికి రావలసిన పేరు దాన్ని నడిపేవాడికి వచ్చింది. క్వారీలోనూ, కంకర దింపే యార్డులోనూ, పెట్రోలు బంకులోనూ అందరూ అతన్ని గురకయ్య అనేవారు. నిజానికి అతను నిద్రలో చీమంత చప్పుడు కూడా చెయ్యడు. ఆ సంగతి చెప్పడానికి పక్కన పడుకునే మనిషి లేదు, అంతే.

పెళ్ళి కాలేదని కాదు. అయింది. "లారీ నీకు పెద్ద పెళ్ళాం, నేను చిన్న పెళ్ళాన్ని. ఈ సవతి పోరు నా వల్ల కాదు" అని ఆవిడ పుట్టింటికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికీ లేదు. ఇంట్లో ఇతని నోట ఒక మాట రావాలంటే చలికాలంలో బండి స్టార్టు చేసినంత పని. యార్డు వెనక వీధిలో, మేడ మీద ఒక గది తీసుకుని ఉండేవాడు. మడత మంచం, స్టవ్వు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను, మేకుకు రెండు చొక్కాలు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకు సున్నం పెచ్చులూడి ఏనుగు బొమ్మ ఒకటి తయారైంది. పడుకుని దాన్ని చూస్తూ ఉండేవాడు.

అతనికి ఉన్నదల్లా ఒక్క అక్క. అమ్మ పోయేనాటికి ఇతను ఇంకా నిక్కర్లు తొడుక్కునే పిల్లాడు. అక్కే మిషను ముందు కూర్చుని, ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి పెంచింది. డ్రైవింగు నేర్పించింది. లైసెన్సు చేతికొచ్చిన రోజున ఖాకీ చొక్కా కుట్టిపెట్టి, "జేబు కాస్త పెద్దది పెట్టానురా, ముందు ముందు నిండుతుంది" అంది. నిండలేదనుకోండి, అది వేరే సంగతి. చొక్కా మాత్రం చిరిగేదాకా వదల్లేదు.

బావ పోయాక, పిల్లలు లేని ఆ అక్క క్వారీ కొండ దిగే రోడ్డులో, పెద్ద మలుపు పక్కన, ఒక చిన్న ఇంట్లో అద్దెకు ఉండేది. కొండ ఎక్కే ఖాళీ బళ్ళకు వెనక వైపు నుంచి వేరే దారి ఉంది. కంకర నింపుకుని దిగే బళ్ళు మాత్రం ఈ మలుపు తిరగాల్సిందే. వెలుతురు కోసం అక్క మిషను వెనక గదిలో వేసుకుంది. అక్కడికి రోడ్డు కనబడదు. కనబడాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఎన్ని బళ్ళు పోయినా తలెత్తని మనిషి, మలుపు పైన తమ్ముడు గేరు తగ్గించగానే మిషను మీంచి కాలు తీసేది. కొండ దిగిన బళ్ళన్నీ బ్రేకులు చల్లారడానికి మలుపు కింద చదునులో కాసేపు ఆగుతాయి. ఇతను ఆపేసరికి అక్క మెడలో టేపుతో, చేతిలో ఫ్లాస్కుతో గేటు దగ్గర ఉండేది.

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"ఏదో."

"ఏదో అంటే ఏంట్రా, దానికి పేరుండదా?"

రోజూ ఇదే. రోజు మొత్తమ్మీద అతను మాట్లాడే మాటల్లో సగం ఆ గేటు దగ్గరే అయిపోయేవి. మిగతా సగం బంకులో.

ఇలా సాగిపోతుండగా డీజిల్ ధరకు దయ్యం పట్టింది. ఒకరోజు పెరిగింది. సరే, ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నారు. మళ్ళీ పెరిగింది. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా, పడుకుని లేచేసరికల్లా పెరగడం మొదలుపెట్టింది. డ్రైవర్లు బంకులోకి వస్తూనే ధర అడగడం మానేసి, "ఇవాళ ఎంత వడ్డించారు?" అనేవారు.

"నన్ను తిడితే ఏం లాభం అన్నా? బోర్డు నేను మార్చను, పైనుంచి దానంతటదే మారుతుంది" అన్నాడు బంకు మనిషి.

"పైన ఉన్నాయన్ని ఒక్కసారి కిందికి దింపు. మా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతాం" అన్నాడు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు.

"నిన్న కొట్టించుకున్నదానిక్కూడా ఇవాళ తేడా కట్టమంటారేమో చూస్కో" అన్నాడు ఇంకొకడు. "కూరలవాడు రేటు పెంచితే పాపం అంటారు. మనం బాడుగ పెంచమంటే మాత్రం ఎగాదిగా చూస్తారు."

అందరూ తిట్టారు, అందరూ కొట్టించుకున్నారు. గురకయ్య తిట్టలేదు. ఆ కోపమంతా లోపలే దాచుకున్నాడు. అలా దాచుకున్న కోపం ఎప్పుడూ రావలసిన చోటికి రాదు.

యజమాని లోడుకింత అని డీజిల్ కొలిచి ఇచ్చేవాడు. మిగిలిస్తే డ్రైవరుకి లాభం, చాలకపోతే జీతంలో కోత. ధర పెరిగిన ప్రతిసారీ ఆయన ఆ కొలత తగ్గించాడు. "నేనేమన్నా డీజిల్ బావి తవ్వించుకున్నానా? అంతా నడపడంలో ఉంటుంది" అన్నాడు. నడపడంలో ఏముంటుందో అందరికీ తెలుసు. కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేయడమే. లోడు బండి దానంతటదే దొర్లిపోతుంది. అయితే బ్రేకులకు గాలి నింపేది ఇంజనే. ఉన్న గాలి అయిపోతే పెడలు మీద నిలబడి తొక్కినా బండి మాట వినదు. ఆ భయంతో ఇతను చాలాకాలం ఆ పని చెయ్యలేదు. చెయ్యనందుకు జీతంలో కోత పడింది.

ఆ కోత పడ్డ రోజునే అక్క గేటు దగ్గర ఒక మాట అంది. "ఆ మేడ మీద గదికి అద్దె దండగ కదరా. ఇక్కడ పక్క గది ఖాళీగానే ఉంది. వచ్చెయ్. నాకూ తోడుగా ఉంటుంది."

బంకులో పడాల్సిన తిట్టు అక్క మీద పడింది. "నీ పంచన పడి తినే గతి నాకింకా పట్టలేదు" అన్నాడు. టీ తాగకుండానే ఫ్లాస్కు ఆమె చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొండ మీద అందరిలాగే ఇంజను ఆపేశాడు. లారీ మూగదైపోయింది. టైర్ల కింద రాళ్ళు నలిగే చప్పుడు, కిటికీలో గాలి, అంతే. మలుపు తిరిగాడు. గేటు దగ్గర అక్క లేదు. ఉండి ఉంటే ఆపేవాడే. లేదు కాబట్టి ఆపలేదు. ఆ ఊపు పోగొట్టుకోకపోతే కింది వాలు కూడా డీజిల్ లేకుండానే దిగిపోవచ్చు. కోపమొచ్చినట్టుంది, రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాడు.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

మీకు తట్టే ఉంటుంది. అతనికి తట్టలేదు. ఇన్నేళ్ళూ అక్క తన కోసం బయటికి వస్తోందనే అనుకున్నాడు గానీ, చప్పుడు విని వస్తోందని అతని బుర్రకు ఎక్కలేదు. హారన్ కొట్టొచ్చు. కానీ అది కూడా బ్రేకుల గాలితోనే మోగుతుంది, ఉన్న గాలి పొదుపుగా వాడుకోవాలి. ఇది పైకి చెప్పుకున్న కారణం. హారన్ కొట్టి మరీ టీ అడుక్కోవాలా అన్నది అసలు కారణం. ఫోను చెయ్యొచ్చు కదా అంటారేమో. అలిగినవాడు ఎక్కడైనా ముందు ఫోను చేస్తాడా? అక్క చేసింది ఒకసారి. అప్పుడు ఇతను కంకర మిషను పక్కన లోడు వేయించుకుంటున్నాడు, వినబడలేదు. తర్వాత చూసుకుని, అంత కావాలనుకుంటే మళ్ళీ చేస్తుందిలే అని జేబులో పడేసుకున్నాడు. ఈ చొక్కా కూడా అక్క కుట్టిందే, జేబు పెద్దదే.

డీజిల్ మిగిలింది. యజమాని భుజం తట్టాడు. మిగిలినదానితో ఏం కొనుక్కోవాలో అతనికి తోచలేదు. ఒకనాటి సాయంత్రం గది తాళం తీస్తూ, పొద్దున లేచిందగ్గర్నుంచీ తను ఎవరితోనూ మాట్లాడలేదని గమనించాడు. బంకులో కూడా ట్యాంకు వైపు వేలు చూపించి ఊరుకున్నాడు. గొంతు ఉందో పోయిందో చూద్దామని, కిటికీ తెరిచి "ఏనుగూ" అని పిలిచాడు. గొంతు బాగానే ఉంది. అప్పుడు మాత్రం చాలా దిగులేసింది. స్టవ్వు వెలిగించకుండానే పడుకున్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, కొండ మీంచి దొర్లుతుంటే ముందు ఒక ట్రాక్టరు అడ్డం పడింది. నింపాదిగా, పెళ్ళినడక నడుస్తోంది. దాటడానికి చోటు లేదు. ఇతను బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. తొక్కినప్పుడల్లా మీటరులో గాలి ముల్లు కిందికి జారింది. ఎర్రగీత దాటేసరికి బజరు కీచుమని అరిచింది. ఈసారి తొక్కితే పెడలు ఇటుక మీద కాలు వేసినట్టుంది. ఇంక ఆలోచించకుండా గేరు వేసి క్లచ్ వదిలేశాడు. ఇంజను ఒక్క కుదుపుతో లేచి, ఇన్నాళ్ళ గురకా ఒక్కసారే పెట్టినట్టు కొండంతా అదిరిపోయేలా అరిచింది. ఆ అరుపు మీదే బండి నెమ్మదించింది, బ్రేకులకు మళ్ళీ గాలి ఎక్కింది. మలుపు తిరిగి, చదునులో ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు.

గేటు తెరుచుకున్న చప్పుడైంది.

అక్క పరుగెత్తుకొస్తోంది. కాళ్ళకు చెప్పులు లేవు. తలకు గుడ్డ చుట్టుకుంది, చేతులనిండా దుమ్ము.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావురా? వేరే రూటు వేశారా? ఒంట్లో బాగాలేదా? ఫోను చేస్తే ఎత్తవేం?"

"ఎక్కడికీ పోలేదక్కా. రోజూ ఇటే దిగుతున్నా."

"ఇటే దిగితే నాకు వినబడదా? నాకేమన్నా చెవుడొచ్చిందా?"

అతను లారీ వైపు చూశాడు. అది ఇంకా గురక పెడుతూనే ఉంది. అప్పుడు తట్టింది.

"ఇంజను ఆపేసి దిగుతున్నా. డీజిల్ కోసం" అన్నాడు.

అక్క కూడా లారీ వైపు చూసింది. తర్వాత, "రోజూ టీ పెడుతూనే ఉన్నా. చల్లారాక నేనే తాగేదాన్ని" అంది. "ఆ గది మాట నీకు కష్టమనిపించిందనుకున్నా. అలిగావనుకున్నా."

"నువ్వు అలిగావనుకున్నా నేను."

"నీ మీద నేనెప్పుడు అలిగానురా?"

ఎంత వెతికినా అతనికి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆమె తలగుడ్డ, దుమ్ము అప్పుడు కళ్ళబడ్డాయి. వరండాలో కట్టిన మూటలు, తాడు బిగించిన పెట్టె. "ఏంటక్కా ఇవన్నీ?"

"మా ఆడపడుచు నడుము విరిగి మంచాన పడింది కదా. ఎప్పట్నుంచో వచ్చెయ్యమంటోంది. అక్కడ నీకెవరున్నారు వదినా అని అడిగినప్పుడల్లా, మా తమ్ముడు రోజూ వస్తాడు, వాడికి టీ ఎవరిస్తారే అనేదాన్ని. ఈమధ్య మళ్ళీ అడిగింది." అక్క చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఏం చెప్పను? వస్తానన్నా."

"వెళ్ళకు."

"మాటిచ్చేశానురా. ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశా. మిషను కూడా వాళ్ళ వ్యానులో వెళ్ళిపోయింది."

అతను వెనక గదిలోకి వెళ్ళి చూశాడు. మిషను కాళ్ళు నిలబడ్డచోట గచ్చు మీద మచ్చలు, పక్కన తెగిన దారప్పోగులు. వెలుతురు మాత్రం నిండా పడుతోంది.

"పక్క గది ఇస్తానన్నావుగా. ఇస్తే వచ్చేస్తా" అన్నాడు. పెళ్ళాం పెట్టె సర్దుకుంటున్న రోజున కూడా ఇంత మాట అనలేకపోయినవాడు.

అక్క గోడకు ఆనుకుంది. "ఈ మాట అప్పుడే అని ఉంటే ఆవిడకి కుదరదని చెప్పేసేదాన్ని. ఇప్పుడు నా కోసం ఎదురు చూస్తూ పడుకుని ఉంటుంది. ఆవిడ కూడా ఒంటరిదే కదరా." తర్వాత కళ్ళు తుడుచుకుని, "వెళ్ళేదాకా మాత్రం చప్పుడు చేసుకుంటూ రా" అంది.

అలాగే వచ్చాడు. ఆ కొద్ది రోజులూ కొండ మీంచి కిందిదాకా గేరులోనే దిగాడు. గేటు దగ్గర ఫ్లాస్కు సిద్ధంగా ఉండేది. ఏం తిన్నావంటే పేరు పేరునా చెప్పాడు. ఆఖరి రోజున అక్క ఫ్లాస్కు తిరిగి తీసుకోలేదు. "నువ్వుంచుకో. మూత గట్టిగా బిగించు, లేకపోతే కారుతుంది" అంది.

ఆమె వెళ్ళాక డీజిల్ మళ్ళీ పెరిగింది. ఇచ్చిన కొలత దాటి తాగిస్తున్నావని యజమాని సణిగాడు. కొండ మీద అందరూ ఇంజన్లు ఆపేస్తుంటే గురకయ్య గేరులోనే దిగుతున్నాడు. ట్రాక్టరు దెబ్బకు భయపడ్డాడని తోటి డ్రైవర్లు నవ్వుకున్నారు. అతను కాదనలేదు. మలుపు దాటాక చదునులో ఆపి, తనే పెట్టుకుని తెచ్చుకున్న టీ తాగేవాడు. చక్కెర ఎప్పుడూ ఎక్కువే పడేది. గేటుకు తాళం, కిటికీలు మూసి ఉండేవి. బ్రేకులు చల్లారాక కూడా కాసేపు కూర్చునేవాడు.

ఒకరోజు అలా కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"తిన్నావా?" అంది అక్క.

తిన్నది చెప్పాడు. ఆడపడుచు లేచి కూర్చుంటోందట. మిషను కిటికీ దగ్గర వేసుకుందట. అక్కడి వీధి మంచిదే గానీ, రోజంతా ఎవరో ఒకరి బండి పోతూనే ఉంటుందట.

"ఎవరి బండి పోయినా మిషను ఆగిపోతోందిరా, అలవాటు చావక" అంది. తర్వాత, "ఎక్కడున్నావు?" అని అడిగింది.

"మలుపు దగ్గర."

"బండి ఆగి ఉందా?"

"ఊఁ."

"ఒకసారి స్టార్టు చెయ్యవా."

అతను స్టార్టు చేశాడు. ఆగి ఉన్న బండికి ఇంజను తిప్పడమంటే డీజిల్ నేల మీద పొయ్యడమే. ఏ డ్రైవరైనా నవ్వుతాడు. దిగి, బానెట్ దగ్గరికి వెళ్ళి ఫోను దానికి ఆనించి పట్టుకున్నాడు. చెయ్యి వేడెక్కింది. చాలాసేపటికి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"ఇంక ఆపెయ్ రా" అంది అక్క. "డీజిల్ దండగ."

"ఇంకాసేపు విను" అన్నాడు.